అవరోహణమునకు ముందటి యేండ్లు

పరగ్రహముపై యంత్రము దిగిన దినమును పత్రికలు పెద్ద యక్షరములతో అచ్చువేయును; ఆ దినమునకు వెనుక గడచిన యేండ్లను మాత్రము ఎవ్వరును అంతగా పట్టించుకొనరు. నా దృష్టిలో ఈ విద్య యొక్క అసలు చరిత్ర ఆ యేండ్లలోనే యున్నది. ఏలయన, దిగుట కొన్ని నిమిషముల పని, దిగుటను భూమిపై ముందుగా అభ్యసించి చూచుట దశాబ్దముల పని. 2021 ఫిబ్రవరి 18వ తేదీన పెర్సెవరెన్స్ అను రోవరు అంగారక గ్రహమున జెజెరో అను బిలములో దిగెను. రెండు నెలలకు, ఏప్రిల్ 19న, దాని పొట్టక్రింద ముడుచుకొని పోయిన 1.8 కిలోల ఇన్‌జెన్యూటీ అను చిన్న హెలికాప్టరు 3 మీటర్ల యెత్తునకు లేచి, 39 సెకండ్లపాటు గాలిలో నుండి, మరల నేలకు దిగి, మఱియొక గ్రహముపై తన యంత్రబలముతో అదుపు తప్పక ఎగిరిన మొదటి వాహనముగా గణనకెక్కెను. దాని చీఫ్ ఇంజనీరు జె. బాబ్ బలరాం మదనపల్లె దాపుననున్న రిషీవ్యాలీ బడిలో చదివినవాడని మన పత్రికలు నాలుగు పంక్తులు వ్రాసి విరమించెను. ఆ నాలుగు పంక్తులను పట్టుకొని వెనుకకు నడచినవారికి, కడప కర్నూలు సీమలకును అంగారకుని నేలకును నడుమ, అనుకొన్నదానికంటె ఎక్కువ దారులే కానవచ్చును.

మదనపల్లె ఏ జిల్లాదనుట ఇటీవల జిల్లాల హద్దులు మాటిమాటికి మారుటచేత తగవు తెచ్చు ప్రశ్న. చరిత్ర నడిగినచో, 1800లో నైజాము దత్తమండలములను కుంపిణీకి వదలుకొన్నది మొదలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువఱకు అది కడప కలెక్టరు ఏలుబడిలోనిదే. ఎండకు తాళలేక ఏనుగు మల్లమ్మ కొండపై బంగళా కట్టించుకొని, తెలియకయే ఆ కొండకు తన పేరు తగిలించిపోయిన హార్స్‌లీ దొర కడప కలెక్టరే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తియు ఆనాటి లెక్కకు కడప జిల్లావాడే. ఆయన 1920ల నడుమ తెట్టు గ్రామము చెంత కొండల నడిమి లోయ నొకదానిని ఎన్నుకొనగా, అనిబిసెంటు 1918లో మద్రాసు గిండీలో నెలకొల్పిన పాఠశాల 1930ల ఆరంభమున అచ్చటికి తరలివచ్చి స్థిరపడెను. వానలు అరకొర, కొండలపై గుండ్లు తప్ప పచ్చదనము లేని ఆ చోట బడివారు ఏండ్లతరబడి చెట్లు నాటి, కట్టలు పోసి, నేటి నీడను సంపాదించుకొనిరి.

ఆ యెఱ్ఱమట్టిలో తిరిగిన బాలునకు ఎఱ్ఱగ్రహముపై మనసు పుట్టెనని కథ అల్లుట సులువు, నేనల్లను. బలరాం విషయమున నాసా వారే అచ్చువేసిన వృత్తాంతము మఱొక విధముగా నున్నది, అది మఱింత నమ్మదగినదియు. అంతరిక్షమనిన ఉవ్విళ్ళూరు పిల్లవానికై అతని మేనమామయో పినతండ్రియో, బంధువొకడు, అమెరికా కాన్సులేటునకు ఉత్తరము వ్రాయగా, నిగనిగలాడు పుస్తకములతో ఉబ్బిన కవరు ఒకటి ఇంటికి వచ్చినదట. పిదప 1969లో చంద్రునిపై మనుష్యులు దిగిన వార్తను ఆ పిల్లవాడు రేడియోలో వినెనట. అటుపిమ్మట మద్రాసు ఐ.ఐ.టి.లో మెకానికల్ ఇంజనీరింగు 1980లో ముగించి, అమెరికాలో రెన్సెలేర్ విద్యాలయమున డాక్టరు పట్టము పొంది, కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో చేరి, అచ్చటనే మూడు దశాబ్దములకు పైగా పనిచేసెను. పల్లెటూళ్ళకు తపాలా తెచ్చు కాగితముల విలువను లెక్కగట్టు చరిత్ర మనకింకను లేదు.

అంగారకుడు ఈ సీమకు క్రొత్తవాడు కాడు. కుజదోషమని సంబంధములు తప్పిపోయిన యిండ్లు నేటికిని కొల్లలు. ఆళ్ళగడ్డకు ఎగువను అహోబిలములో నవనారసింహులను నవగ్రహములకు జతపఱచి చెప్పు వాడుక కలదు. అందు జ్వాలా నరసింహుడు కుజునకు అధిదైవమని భక్తులు భవనాశిని ఱాళ్ళమీదుగా పైకెక్కి పోవుదురు. దూరముననుండి కెంపెక్కి కనబడు ఆ గ్రహమును శాంతింపజేయుట పూర్వుల చింత. 1971 నుండి మనుష్యులకు పట్టుకొన్న చింత వేఱు: దాని నేల యెట్టిదో సరిగా ఎఱుగకయే దానిపై దిగుట.

ఆ కష్టమెట్టిదో కొంచెము నిదానించి చెప్పవలసియున్నది. అంగారకుని వాయుమండలము మన గాలిలో నూటికొక పాలు కంటెను పలుచన. గంటకు సుమారు 20,000 కిలోమీటర్ల వేగముతో వచ్చి తగులు యంత్రమును కాల్చివేయుటకు అది చాలును గాని, ప్యారాచూట్ విప్పి మెల్లగా దింపుటకు చాలదు. అందుచేత కవచముతో కొంత, ప్యారాచూట్‌తో కొంత, ఇంజనులతో కొంత వేగము తగ్గించుచు, సుమారు ఏడు నిమిషములలో పని ముగియవలెను. భూమికిని దానికిని గల దూరమునుబట్టి రేడియో వార్త చేరుటకు 3 నిమిషములు మొదలు 22 నిమిషముల వఱకు పట్టును. 2021లో పెర్సెవరెన్స్ దిగిననాడు 11 నిమిషములకు పైగా పట్టెను. కావున "దిగుచున్నాను" అని యంత్రము చెప్పిన మాట మనకు వినబడునప్పటికి అది దిగియో కూలియో కొన్ని నిమిషములై యుండును. సలహా చెప్పుటకు వీలులేని చోట, చెప్పవలసిన సలహాలన్నియు ముందే చెప్పి పంపవలెను.

ఈ సంగతిని మొదట నేర్చినవారు సోవియట్లు, అదియు నష్టపడి. 1971 నవంబరు 27న మార్స్-2 కూలిపోయెను. డిసెంబరు 2న మార్స్-3 చక్కగా దిగి, వార్త మొదలుపెట్టిన సుమారు 20 సెకండ్లకే మూగవోయెను. అప్పుడు గ్రహమంతట ధూళితుఫాను చెలరేగుచుండెను. అదే సమయమున కక్ష్యలో నున్న అమెరికా వారి మారినర్-9 తుఫాను తగ్గువఱకు ఓపిక పట్టి ఫొటోలు తీసికొనెను గాని, సోవియట్ యంత్రములకు వేచియుండుటను నేర్పిన వారు లేకపోయిరి. అయిదేండ్లకు అమెరికా వారు వైకింగ్-1ను తమ స్వాతంత్ర్య ద్విశతాబ్ది దినమగు 1976 జూలై 4న దింపవలెనని తలపెట్టి, కక్ష్యనుండి వచ్చిన ఛాయాచిత్రములలో ఆ చోటు గండ్లు పడియుండుట చూచి, పండుగను ప్రక్కకు నెట్టి, వేఱొక చోటు వెదకి జూలై 20న దింపిరి. ఆ సంయమనమును నేను మెచ్చుకొందును. ఐనను దిగిన పిమ్మట చూడగా, యంత్రమునకు 8 మీటర్ల దూరముననే రెండు మీటర్ల వెడల్పుగల బండరాయి ఒకటి పడియుండెను; దానికి 'బిగ్ జో' అని పేరు పెట్టిరి. ఆనాటి కెమెరాలకు పైనుండి అంత చిన్న ఱాయి కనబడదు. ఆ యెనిమిది మీటర్లు అదృష్టము.

అదృష్టము లేని సందర్భము 1999 డిసెంబరు 3న వచ్చెను. మార్స్ పోలార్ ల్యాండరు మాట లేకుండ మాయమయ్యెను. విచారణ చేసినవారు తేల్చిన అత్యంత సంభావ్యమైన కారణమిది: దిగుటకు ముందు కాళ్ళు విచ్చుకొన్నప్పటి కుదుపును సెన్సారులు నేల తగిలిన గుర్తుగా భావించుటచేత, సుమారు 40 మీటర్ల యెత్తుననే ఇంజనులు ఆగిపోయెను. ఇందు మనసు నొప్పించు విషయము వేఱొకటి కలదు. ఆ కాళ్ళను భూమిపై పరీక్షించిననాడు సెన్సారుల తీగలు తప్పుగా కలుపబడియుండెను. తప్పు దిద్దిన పిమ్మట నేల తాకు ఘట్టమును మరల పరీక్షించిరి గాని, కాళ్ళు విచ్చుకొను ఘట్టమును పరీక్షింపలేదు. అభ్యాసములో విడిచిన ఒక్క అడుగు, కోట్ల కిలోమీటర్లు నడచిపోయి, అక్కడ లెక్క చెప్పెను.

బలరాం వృత్తియంతయు ఇటువంటి అడుగులను విడువకుండుటకై వెచ్చింపబడినదే. హెలికాప్టరునకు ముందు ఆయనకు పేరు తెచ్చిన పని డీసెండ్స్ అను సిమ్యులేషన్ ప్రోగ్రాము. 2002లో ఆయనయు సహచరులును దానిని గూర్చి ఇంజనీర్ల సభలో పత్రము చదివిరి. అంతరిక్షనౌక వాయుమండలములో చొచ్చుట మొదలు నేల తాకువఱకు కలుగు ప్రతి బలమును, ప్రతి కదలికను కంప్యూటరులో లెక్కగట్టి, గాలి కొంచెము దట్టమైన నేమగును, ప్యారాచూట్ అర సెకండు ఆలస్యముగా విచ్చుకొన్న నేమగును, నేల వాలుగా నున్న నేమగును అని వేలమారులు దింపి చూచుట దాని పని. పేరుప్రతిష్ఠలకు ఇది తగిన పని కాదు. సరిగా దిగినచో ఎవ్వరికిని గుర్తుండదు. కాని 2012 ఆగస్టులో 899 కిలోల క్యూరియాసిటీ రోవరును దింపిన తీరు చూచినవారికి ఇట్టి లెక్కలు లేక అట్టి సాహసము ఊహకైనను అందదని తోచును. ఇంజనుల మంటతో ఆకాశమున నిలిచిన ఒక చట్రమునుండి మూడు నైలాను త్రాళ్ళతో రోవరును, మన వేంపల్లె పులివెందుల దిగుడులేని లోతుబావిలోనికి చేంతాడుతో కడవను దించినట్లు, ఏడున్నర మీటర్ల క్రిందికి దించిరి; చక్రములు నేల తాకగానే త్రాళ్ళు తెగి చట్రము దూరముగా ఎగిరిపోయి పడెను. భూమిపై ఆకర్షణ హెచ్చు, గాలి దట్టము. కావున ఈ మొత్తము ఘట్టమును మొదటినుండి తుదివఱకు ఇక్కడ ఒక్కమారైనను చేసి చూచుటకు వీలులేదు. దానిని ముక్కలు ముక్కలుగా పరీక్షించి, ముక్కలను గణితముతో కుట్టవలెను.

హెలికాప్టరు కథ 1990లలో మొదలు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు ఇలాన్ క్రూ అరచేతిలో ఇముడు చిన్ని హెలికాప్టరులను గూర్చి ఒక సభలో ప్రసంగింపగా, విన్న బలరాంకు అది అంగారకునిపై పనికివచ్చునేమో యని తోచెను. స్టాన్‌ఫర్డ్‌ను, ఏరోవిరాన్‌మెంట్ అను చిన్న సంస్థను కలుపుకొని ప్రణాళిక వ్రాసెను. పరిశీలకులు బాగున్నదనిరి, డబ్బు మాత్రము ఇయ్యలేదు. పలుచని గాలిలో రెక్కను తిప్పి చూచిన ఒక పరీక్షతో సరిపుచ్చి, కాగితములను అటకెక్కించిరి. పదునైదేండ్లు అట్లే గడచెను. ఆ లేబరేటరీ డైరెక్టరు చార్లెస్ ఎలాచీ ఒక సభలో డ్రోనుల ప్రదర్శన చూచి వచ్చి, ఇట్టివి అంగారకునిపై ఎగురవా యని అడుగగా, ఎవరో బలరాం పాత కాగితములను జ్ఞాపకము చేసిరి. వాటిని దులిపి క్రొత్త ప్రణాళికగా సమర్పించుటకు ఆయనకు ఇచ్చిన గడువు కొన్ని వారములే.

పాసడీనాలోని ఆ లేబరేటరీలో 25 అడుగుల వ్యాసము, 85 అడుగుల ఎత్తు గల ఉక్కు గది ఒకటి కలదు. 1960ల తొలినాళ్ళలో కట్టిన ఆ గదిలో మొదట గాలినంతయు తోడివేసి, పిదప అంగారకుని గాలికి సరిపోవునంత పలుచగా బొగ్గుపులుసు వాయువును నింపి హెలికాప్టరును పరీక్షించిరి. 2014లో మూడవవంతు పరిమాణము గల నమూనా లేచినదేగాని, మీట పట్టుకొని నడుపబోయిన మనిషి చేతికి అదుపు కాలేదు. దట్టమైన గాలి రెక్కల ఊగులాటను సహజముగా అణచివేయును, పలుచని గాలి అణచదు, మనుష్యుని చేయి అంత త్వరపడలేదు. అదుపు కంప్యూటరునకే అప్పగింపవలెనని అప్పుడు రూఢియైనది. 2016లో పూర్తి పరిమాణము గల నమూనా ఆ గదిలో కంప్యూటరు అదుపున స్థిరముగా ఎగిరెను. గాలిని మార్చిరి సరే, భూమ్యాకర్షణను మార్చుటెట్లు? అంగారకునిపై బరువు ఇక్కడి బరువులో నూటికి 38 పాళ్ళు. మిగిలిన 62 పాళ్ళను పైనుండి ఒక సన్నని తీగతో మోటారు సదా లాగిపట్టునట్లు అమర్చిరి. 1.2 మీటర్ల పొడవుగల రెండు జతల రెక్కలు నిమిషమునకు 2,400 చుట్లు తిరుగుచుండ, హెలికాప్టరు ఆ తీగకు వ్రేలాడుచున్నదో ఎగురుచున్నదో చూపరులకు తెలియదు. తీగ లాగుటలో పిసరంత తప్పినను పరీక్ష వ్యర్థము.

మన దేశపు అభ్యాసభూమి మఱింత దగ్గఱ నున్నది. అనంతపురము జిల్లా రాయదుర్గము హద్దు దాటిన వెంటనే కర్ణాటకములోని చిత్రదుర్గ జిల్లా. అందలి చళ్ళకెరె తాలూకాలో ఉళ్ళార్తి కావలు అను మెట్టబీడు కలదు. రాయలసీమకు చుట్టమై, వానకు అంతే దూరమై యున్న ఆ బీడులో ఇస్రో వారు చంద్రబిలములను బోలిన గోతులు త్రవ్వించి, ల్యాండరు సెన్సారులను చిన్న విమానమునకు అమర్చి పైనుండి పోనిచ్చి, గోతులను యంత్రము గుర్తుపట్టునో లేదో 2016లో పరీక్షించిరి. చంద్రుడు గ్రహము కాడు, వార్త రెండు సెకండ్లలోపలనే చేరును. ఐనను దిగు తుది నిమిషములలో యంత్రమే తన బుద్ధిని నమ్ముకొనవలెను. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండరు చంద్రునిపై కూలినది. ఇంజనుల త్రోపు అనుకొన్నదానికంటె కొంచెము హెచ్చగుట, ఆ తప్పులు పోగుపడుట, వాటిని దిద్దుకొనుటకు త్వరగా తిరుగవలసిన యంత్రమునకు ప్రోగ్రాము విధించిన హద్దు అడ్డమగుట, 500 మీటర్ల చదరపు చోటిలోనే దిగవలెనని నియమించుట అను కారణములను 2023లో ఇస్రో అధ్యక్షుడుగా నుండిన సోమనాథ్ దాపరికము లేక వివరించెను. చంద్రయాన్-3కు దిగు చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పునకు పెంచిరి. నడిమి ఇంజనును తీసివేసిరి. సెకండుకు 3 మీటర్ల వేగముతో తాకినను ఓర్చునట్లు కాళ్ళను బలపఱచిరి. సెన్సారులను హెలికాప్టరునకు, ఇంజనులను క్రేనునకు కట్టి మరల మరల పరీక్షించిరి. 2023 ఆగస్టు 23 సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు అది దిగినప్పుడు ఊరూర బాణసంచా కాల్చిరి. ఉళ్ళార్తి కావలి గోతుల చెంత ఎవ్వరైనను ఒక టెంకాయ కొట్టియుండవలసినది.

రాయదుర్గము ప్రస్తావన వచ్చినది గనుక ఇంకొక మాట. అంగారకునిపై చిన్న బిలములకు భూమిపైని చిన్న పట్టణముల పేర్లు పెట్టుట అంతర్జాతీయ ఖగోళ సంఘము వారి నియమము. ఆ పట్టికలో రాయదుర్గము పేరు కలదు. విజయనగర రాజుల కాలపు కోటకు పేరొందిన ఆ యూరి పొరుగున, వేదవతి అను హగరి యేటి యొడ్డున, కణేకల్లు బొమ్మనహాళు పల్లెలలో ఇసుకదిబ్బలు గాలికి కదలి పొలములమీదికి వచ్చుట ఆ ప్రాంతపు రైతులకు నిత్యానుభవము. ఆనవాలు లేని ఇసుక యెంత మోసకారియో వారికి తెలియును. అయిదు మారులు ఎగిరిన చాలునని పంపిన ఇన్‌జెన్యూటీ 72 మారులు ఎగిరెను. అది క్రిందిచూపు కెమెరాతో నేలపైని ఱాళ్ళను గుర్తుపెట్టుకొని తన వేగము తెలిసికొనునది. 2024 జనవరి 18న డెబ్బదిరెండవ మారు లేచినప్పుడు క్రిందనున్నవి మెత్తని ఇసుక తరగలు మాత్రమే. గుర్తించుటకు ఱాయి చాలినంత లేక, వేగము తప్పుగా లెక్కించుకొని, కఠినముగా దిగి, రెక్కలు విఱిగి, మరల లేవలేదు. ఉక్కు గదిలో గాలిని సృజించిరి, ఆకర్షణను తగ్గించిరి. అట్టి ఇసుకను అభ్యసింపలేదు.

ఇక పెర్సెవరెన్స్ దేనికై దిగినదో చెప్పి విరమింతును. జెజెరో ఒకప్పుడు చెఱువు. దానిలోనికి ఒక యేరు వచ్చి మేట వేసిన డెల్టాలో ప్రాచీన సూక్ష్మజీవుల జాడ నిలిచియుండునేమోనని ఆశ. అట్టి జాడ ఱాతిలో ఎట్లుండునో చూడగోరువారు కడప జిల్లా వేంపల్లెకు పోవచ్చును. 1872లో భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణులను నడచి నడచి పరిశీలించి పెద్ద గ్రంథమును ప్రకటించినది మొదలు, అర్ధచంద్రాకారమున పఱచుకొన్న ఈ శిలలు పండితులకు పాఠ్యగ్రంథములైనవి. పాపఘ్ని గండిని దాటి వేంపల్లె ప్రక్కలకు పోయి బూడిదరంగు డోలమైటు బండలను దగ్గఱగా చూచినచో, వ్రేలి మందము కూడ లేని పొరలు ఒకదానిపై నొకటి ఉబ్బి, గుమ్మటములై, ప్రక్కప్రక్కన ఒరసికొని యుండును. ఇంచుమించు 190 కోట్ల ఏండ్ల క్రిందట లోతులేని సముద్రమున సూక్ష్మజీవుల చాపలు మట్టిని పట్టి పేర్చిన పొరలవి, స్ట్రోమటోలైటులందురు. వాటిప్రక్క మేకలు మేపుకొనువారికి అవి 'పొరలరాళ్ళు' మాత్రమే. నాపబండ కానందున ఇంటికప్పుకైనను పనికిరావు. తుమ్మలపల్లె యురేనియము కూడ ఆ శ్రేణిలోని డోలమైటులోనిదే.

వేంపల్లెలో సుత్తి దెబ్బతో ఒక తునుకను ఊడగొట్టి సంచిలో వేసికొని, కడపలో బస్సెక్కి, మరునాటికి సూక్ష్మదర్శిని క్రింద పెట్టవచ్చును. జెజెరోలో అది జరుగదు. 2024 జూలైలో పెర్సెవరెన్స్ చెయావా ఫాల్స్ అను ఱాతిపై చిఱుతమచ్చలని పరిశోధకులు పిలిచిన గుర్తులను కనుగొని తునుక తీసెను. అవి జీవుల పనియో, ఊరక రసాయనముల పనియో అక్కడి పరికరములు తేల్చజాలవు. అంతకుముందే, 2022 తుది నుండి 2023 ఆరంభము వఱకు, నమూనాల గొట్టములు పదింటిని నేలపై ఒకచోట పెట్టివచ్చెను. వీటిని తెచ్చుటకు ఇంకొక యంత్రము అక్కడ దిగి, పైకి లేచు రాకెట్టును కూడ మోసికొనిపోవలెను. ఇంతవఱకు అంగారకునిపై దిగిన యంత్రము లేవియు ఒకటి రెండు టన్నులకు మించలేదు. ఆ పథకమునకు 1,100 కోట్ల డాలర్ల వఱకు వ్యయమగుననియు, 2040 వఱకు గొట్టములు రావనియు లెక్క తేలగా, 2024 ఏప్రిల్‌లో నాసా వారు దానిని అట్లే సాగింపజాలమని చెప్పి వేఱు దారులు వెదకనారంభించిరి. బరువైన ఆ యంత్రమునకు పాత ప్యారాచూట్ చాలునా, త్రాళ్ళు చాలునా, ఎన్ని ఇంజనులు కావలెను అను లెక్కలు మరల మొదటినుండి వేయవలసివచ్చెను.